కొల్లాపూర్ మామిడి మీద ఎవరి మాట నమ్మాలె?

ఎండాకాలం వచ్చిందంటే మన కొల్లాపూర్‌ల మామిడి ముచ్చట లేకుంట పొద్దు పోదు. తోటలల్ల కాయ తెంపుడు మొదలైతదో లేదో, ఫోన్లల్ల ఒక మాట తిరుగుతది: "మామిడిపండ్లు తినొద్దు, అన్నీ కార్బైడ్‌వే" అని. ఏ మార్కెట్‌ల దొరికింది, ఎవరు పరీక్ష చేసిండ్రు, ఏమీ ఉండదు. అది చదివినప్పుడల్ల నాకు తోట మీద అప్పు తెచ్చిన ఇంటి ఆడబిడ్డలే యాదికొస్తరు. గడ్డిల మాగబెట్టిన కాయను, కార్బైడ్ పొట్లం పెట్టి పండించిన కాయను ఒక్క గాటన కడితే ఆ ఇల్లు ఏం కావాలె?

కార్బైడ్ భయం ఉత్తదే అంటలేను. కాయలు మాగెటందుకు నడుమ పెట్టిన కాల్షియం కార్బైడ్ పొట్లానికి తేమ తగిలితే అసిటిలీన్ గ్యాస్ వస్తది. ఆ కార్బైడ్‌ల ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడ ఉంటయి. తోలు పసుపుపచ్చగ మెరుస్తది గని, కోసి చూస్తే లోపల గట్టిగ, పుల్లగ ఉంటది. అందుకే కార్బైడ్‌తోని పండించుడు మన దేశంల నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌కు మాత్రం 100 పీపీఎం దాక అనుమతి ఉన్నది.

మరి ఏది తినొద్దో చెప్పవలసింది ఎవరు? 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ల ఇది ఉన్నది. ఒక తిండితోని ముప్పు ఉన్నదని అనుమానించేందుకు తగిన కారణం దొరికితే, ఆ తిండి ఏంది, ముప్పు ఏంది, దాన్ని ఆపెటందుకు ఏం చేస్తున్నరు అని జనానికి తెలియజేసే బాధ్యత దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐది, రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్‌ది. 30వ సెక్షన్ కింద కమిషనర్ ఏడాది దాక అమ్మకమే ఆపొచ్చు.

ఆ అధికారం వాడిన ఒక ముచ్చట చూడుండ్రి. 2024 అక్టోబర్‌ల హైదరాబాద్‌ల మోమోలు తిని ఎంతోమంది మంచాన పడ్డరు, ఒక తల్లి ప్రాణమే పోయింది. అదే నెల 30న కమిషనర్ ఉత్తర్వు ఇచ్చిండ్రు. కోడిగుడ్ల జోలికి పోలేదు, మోమోలతోని నంజుకునే మయోనైజ్ అంతటినీ ఆపలేదు. పచ్చి గుడ్డుతోని చేసిన మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించిండ్రు. పేరు, కారణం, గడువు మూడూ అండ్లనే ఉన్నయి. మామిడి విషయంల కూడ నేను కోరేది గసుంటి మాటే. ఏ గోదాంల పట్టుకున్నరో పేరు పెట్టి చెప్తే తప్పు చేసినోడు దొరుకుతడు, పక్క తోట రైతు బతుకుతడు.

అధికారి మాటకు కూడ హద్దు ఉన్నది. 2015 జూన్‌ల ఎఫ్ఎస్ఎస్ఏఐ మ్యాగీ నూడుల్స్‌ను ఆపింది గదా, ఆగస్టుల బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ వాదన వినలేదని, పరీక్షలు గుర్తింపు ఉన్న ల్యాబులల్ల జరగలేదని చెప్పింది.

మీకు పండు మీద అనుమానం వస్తే ఫోన్ల మెసేజ్ పంపకుండ్రి. అదే చట్టం 40వ సెక్షన్ కింద కొన్నోళ్లే రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్‌తోని పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే "పరీక్షకు పంపుతున్న" అని దుకాణదారుకు చెప్పాలె, అది మరువొద్దు. కల్తీ తేలితే కట్టిన పైసలు వాపసు ఇస్తరు.