శివరాత్రి ఉపవాసము – దాని పరమార్థము

మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ప్రతి మాసమునందలి బహుళ చతుర్దశియు మాసశివరాత్రియే యైనను, మాఘమాసమునందలి దానికే 'మహా' శబ్దము చేరినది. ఆనాడు ఆచరింపదగినవి మూడు: ఉపవాసము, జాగరణము, శివపూజ.

'ఉప' యనగా సమీపము. 'వాసము' అనగా ఉండుట. శివుని సన్నిధిని నిలుచుటయే ఉపవాసము. అన్నము మానుట దానికి సాధనము మాత్రమే. నోరు కట్టుకొని మనస్సును విడిచిపెట్టినచో అది లంఖణ మగును గాని ఉపవాసము కానేరదు. అట్లే జాగరణ మనగా ఎఱుక గలిగియుండుట. పేకాటతో, సినిమాలతో తెల్లవార్చినవానికి నిద్ర చెడును గాని ఫలము దక్కదు.

ప్రాతఃకాలమున స్నానమాచరించి, విభూతి రుద్రాక్షలు ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచి పూజింపవలెను. పగలు నిరాహారముగా నుండి, రాత్రి నాలుగు యామములందును పూజ సలుపవలెను. పాలు, పెరుగు, నెయ్యి, తేనెలతో యామమున కొక్కొక అభిషేకము చేయు ఆచారము కలదు. అర్ధరాత్రము లింగోద్భవ కాలము. మఱునాటి ఉదయమున పారణ.

శివపురాణమునందలి వ్యాధుని కథ సుప్రసిద్ధము. ఆకలిగొన్న బోయ యొకడు మారేడు చెట్టెక్కి రాత్రి యంతయు వేటకై కాచుకొనియుండెను. అతడు కదలినపుడెల్ల నీరును దళములును క్రిందనున్న లింగముపై బడెను. తన చేత చిక్కిన లేళ్లు, పిల్లలను అప్పగించి వత్తుమని మాటయిచ్చి వెళ్లి, ఆ మాట తప్పక తిరిగివచ్చెను. బోయ వానిని చంపజాలక విల్లు దించెను. పస్తుండుట, మేలుకొనుట, దళములు రాలుట యన్నియు యాదృచ్ఛికములు. విల్లు దించుట యొక్కటియే అతడు తెలిసి చేసిన పని. వ్రతమునకు ఫలము దయ యని దీని భావము.

ఇచట నొక సందేహము. నిత్యము లింగార్చన సలుపువానికి ప్రతిదినమును శివదినమే కదా, అన్నము సైతము లింగార్పితమై ప్రసాద మగుచుండ దానిని మానుట యెందులకు? ఈ ప్రశ్న సమంజసమే. అన్నము పాప మనుకొని మానరాదు; ప్రసాదమును హేయ మనుకొనుట దోషము. ఆకలి యెట్టిదో ఒక్కదినము తాను తెలిసికొని, ఆకలిగొన్నవానిని ఏడాది పొడవునను మఱువకుండుటకై ఉపవాసము. ఆకలితో వచ్చిన జంగమమును పొమ్మని, భుజింపని లింగమునకు నైవేద్యము పెట్టువారిని బసవేశ్వరుడు మందలించెను. కావున తాను మానిన పూట భోజనమును పేదకు దాసోహముగా నర్పించినవాని ఉపవాసమే సంపూర్ణము. వృద్ధులు, రోగులు, గర్భిణులు, పసిపిల్లలు శక్తికి మించి నిరాహారముగా నుండనక్కఱలేదు. కూలిపని చేయువాడు మితముగా ప్రసాదము స్వీకరించినను వ్రతభంగము కాదు.

శ్రీశైలమున ఆ రాత్రి జరుగు పాగాలంకరణము ఇందులకు చక్కని నిదర్శనము. దినమునకొక మూర చొప్పున ఏడాది పొడవునను నేసిన వస్త్రమును, దీపములార్పిన చీకటిలో నేతగాడు మల్లికార్జునుని ఆలయ శిఖరమునకు చుట్టును. చూచువారికి అది ఒక రాత్రి వేడుక. ఆ నేతగానికి సంవత్సరకాలపు కాయకము. బసవన్న బోధించిన కాయక ధర్మము ఇందు ప్రత్యక్షము.

శివరాత్రి తెల్లవారును, ఉపవాసము ముగియును. ఆనాడు కలిగిన ఎఱుకయు, దయయు మఱుసటి శివరాత్రి వఱకు నిలిచినచో వ్రతము ఫలించినట్లే.