దేవుడు చాలు, మరి మనుషులు?

ధ్యాన భాగములు: 1 రాజులు 19:1-18, 2 తిమోతి 4:9-18



ఓపీ గదిలో డాక్టరుగారు "మీతో ఎవరు వచ్చారు?" అని అడిగితే మన విశ్వాసులలో కొందరు "నాకు దేవుడే తోడు సార్" అంటారు. మంచి మాటే. అయితే డాక్టరుగారు అడిగింది, రాత్రి జ్వరం పెరిగితే గ్లాసెడు నీళ్లు అందించేది ఎవరు, మాత్ర గుర్తు చేసేది ఎవరు అని. దానికి కూడా ఇదే జవాబు సరిపోతుందా? బైబిలు తెరచి చూద్దాము.

కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు వినగానే ప్రాణభయంతో బయలుదేరాడు. మనం ఎక్కువగా గమనించని సంగతి మూడవ వచనంలో ఉంది. బెయేర్షెబా చేరాక అతడు తన దాసుని అక్కడే ఉంచి, ఒంటరిగా అరణ్యంలోనికి ఒక దినమంతా నడచిపోయాడు. తోడుగా ఉన్న ఒక్క మనిషిని వెనుక వదిలిన తరువాతనే బదరీవృక్షం క్రింద కూర్చుండి చావు కోరుకున్నాడు. దేవుడు అతని మీద కోపపడలేదు, బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మరల పడుకోనిచ్చి, మరల పెట్టించాడు. (మనసు క్రుంగిన మనిషి దగ్గర కూర్చుని వచనం మీద వచనం చదివి వినిపించే మన సంఘస్థులు ఈ వరుస గమనిస్తే బాగుండును.) హోరేబులో ఏలీయా తాను ఒక్కడే మిగిలిపోయానని రెండుసార్లు మొరపెట్టుకున్నాడు. దేవుడు తన స్వరం వినిపించి ఇక ఇది చాలునని ఊరుకోలేదు. ఎలీషా పేరు, అతని ఊరు చెప్పి మరీ పంపించాడు. ఇంకా ఏడువేలమంది ఉన్నారని తెలియజేశాడు. సాక్షాత్తు దేవునితో మాట్లాడిన వానికి సహితం పక్కన ఒక మనిషి ఉండాలని దేవుడే తీర్మానించాడు.

మన ప్రాంతంలో చాలామంది ఎవరినీ వదులుకోవాలని అనుకోకుండానే ఏలీయా స్థితికి వచ్చారు. కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీ 2023 జూన్ 22న ప్రారంభమైంది. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. హైదరాబాదు బస్తీలలో ఏండ్ల తరబడి కిరాయి ఇంట్లో ఉన్నవారికి సొంత తలుపు, సొంత తాళం దొరికింది. దేవునికి స్తోత్రం. కానీ పిల్లను చూసుకొనే పక్కింటి పెద్దమ్మ, కాలినడకన పోయే చర్చి, అప్పుగా మందులిచ్చే షాపాయన, వీళ్లంతా పాత బస్తీలోనే ఉండిపోయారు. లిఫ్టులో రోజూ కలిసే మనిషి పేరు తెలియదు. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలకు పరాయి జిల్లాల నుండి, పరాయి రాష్ట్రాల నుండి వచ్చి గదికి నలుగురుగా ఉండేవారి సంగతి మరీ కష్టం. ఒకరు నైట్ షిఫ్టు నుండి వచ్చేసరికి ఇంకొకరు డ్యూటీకి పోతారు. అలాంటి వారిని "ప్రార్థన చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అని పంపించడం న్యాయం కాదు.

ఇక రెండవ ప్రక్క. ఆసా రాజు పాదాలకు జబ్బు చేసినప్పుడు దేవుని యొద్ద విచారణ చేయక వైద్యులనే ఆశ్రయించాడని 2 దినవృత్తాంతములు 16:12 చెబుతుంది. ఈ వచనం పట్టుకొని మందులు మానేసేవారున్నారు. అయితే హిజ్కియాకు పదిహేను సంవత్సరాల ఆయుష్షు పెంచుతానని దేవుడు మాట ఇచ్చిన తరువాత కూడా, యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు గదా (యెషయా 38)! ఆసా తప్పు వైద్యుని దగ్గరకు పోవడం కాదు, దేవుని విడిచిపెట్టడం.

ఇటువంటి తప్పు ఇంట్లో కూడా జరుగుతుంది. షుగరున్న భర్త భోజనం, ఇన్సులిన్, ఆస్పత్రి తారీఖు అన్నీ భార్య చూడాలి. తియ్యటిది వద్దంటే ఆమె మీదే కోపం, షుగరు పెరిగితే "నువ్వు చూసుకోలేదు" అని ఆమె మీదే నెపం. "నీవే నాకు దిక్కు" అనడం ప్రేమలాగే వినిపిస్తుంది గాని, ఆమె నిద్ర, ఆమె బీపీ ఎవరు చూస్తారు? గలతీ పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు ఒకరి భారములను ఒకరు మోయమంటాడు. మూడు వచనాల తరువాత ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. సూది వేయడానికి సాయం పట్టవచ్చు. నోరు కట్టుకోవడం మాత్రం రోగి పనే. భయము, అపరాధ భావము, చావును గురించిన ప్రశ్న, వీటన్నిటికీ జవాబు ఇమ్మని ఒక మనిషిని అడిగితే ఆ మనిషి విరిగిపోతుంది. అవి దేవుని సన్నిధిలో పెట్టవలసినవి.

పౌలు చెరసాలలో ఉండి వ్రాసినదానిలో ఈ రెండూ ఒకే చోట కనబడతాయి. దేమా విడిచిపోయాడు, ఇతరులు దూరాన ఉన్నారు, వైద్యుడైన లూకా మాత్రమే తోడున్నాడు. తిమోతిని త్వరపడి రమ్మంటాడు. ఒకప్పుడు తానే వెంట తీసుకుపోనన్న మార్కును తోడుకొని రమ్మంటాడు. త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీ తెమ్మంటాడు, చలికాలం ముందే రమ్మంటాడు. అదే అధ్యాయంలో, తన మొదటి విచారణలో అందరూ తనను విడిచినా ప్రభువు తన ప్రక్కన నిలిచాడని సాక్ష్యమిస్తాడు. ప్రభువు నిలిచాడు గనుక విడిచినవారి మీద పగ పెట్టుకోలేదు. చలి వేస్తున్నది గనుక అంగీ అడగడానికి సిగ్గుపడలేదు.

సాయం అడిగితే విశ్వాసులనే అడగాలా? నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆస్పత్రి మొదలైంది. నడిపినవారు మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ గారు. దానికి పెద్ద విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. సొంతవారే వెళ్లగొట్టిన రోగులకు వేరొకరు సొంతవారయ్యారు. ప్రార్థనలకు జవాబు ఏ ఇంటి గుమ్మం నుండి రావాలో మనం నిర్ణయించలేము.

క్షయ వచ్చినవారికి ఈ మాట ముఖ్యంగా చెబుతున్నాము. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే జబ్బు మందులకు లొంగని రకంగా మారవచ్చు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలకు ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైంది. కష్టమల్లా ఎవరికైనా చెప్పుకోవడంలోనే ఉంది. ఓనరు గది ఖాళీ చేయమంటాడేమో, కంపెనీలో పనికి రానివ్వరేమో అని భయం. అందరికీ చెప్పనవసరం లేదు. ఒక్కరికి చెప్పండి. గదిలో తోటివాడైనా, పై అంతస్తు అక్కయ్యయినా, ఆశా కార్యకర్తయినా, పాస్టరమ్మగారైనా సరే. ఏలీయావలె చావు తలంపులు వస్తుంటే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

వచ్చేసారి ఓపీకి ఆ ఒక్కరిని వెంటబెట్టుకొని రండి. చీటీ మీద వారి ఫోను నంబరు వ్రాయించండి. మాత్రలు ఎలా వేసుకోవాలో సిస్టరుగారు ఇద్దరికీ కలిపి చెబుతారు.