వత్తులు కనిపించే తెర కొను

తార్నాక

అమ్మలూ,

స్కాలర్‌షిప్ డబ్బు వచ్చిందనీ, టాబ్ కొనాలా, ఈ-బుక్ రీడర్ కొనాలా తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ హాస్టల్ నుంచి మా ఇల్లు నడిచి వచ్చేంత దూరమే. అయినా నిదానంగా చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నా.

టాబ్ కొను తల్లీ. రీడర్ అంటే నాకెంత ఇష్టమో తెలుసు కాబట్టి ఈ మాట నా నుంచి వస్తుందని నువ్వు అనుకొని ఉండవు.

నువ్వు చదివేది ఎంఏ తెలుగు. నీకు కావలసిన పాత పుస్తకాలు చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవే. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతున్నాయి. అవి పేజీల ఫొటోలు. అక్షరం పెద్దది చేస్తే వాక్యం కింది వరుసకు సర్దుకోదు. డెమ్మీ సైజు పేజీ సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 22 పొడవు. ఆరంగుళాల రీడర్ తెర 9 వెడల్పు, 12 పొడవు. పేజీ ఇంచుమించు సగానికి కుంచించుకుపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కదా, ముందు మాసిపోయేది ఆ వత్తే. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' స్కాన్‌ను నా రీడర్‌లో తెరిచి, ఒక్కో పేజీని నాలుగు ముక్కలుగా జరుపుకుంటూ చదివాను. జరిపిన ప్రతిసారీ తెర ఒకసారి నల్లబడి తేరుకునేది. ముప్పై పేజీలకే విసుగెత్తి పక్కన పెట్టేశాను. అంత మంచి పుస్తకాన్ని అలా వదిలేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

పదకొండంగుళాల టాబ్‌లో ఆ పేజీ దాదాపు అసలు సైజులోనే కనబడుతుంది. పక్కనే ఆంధ్రభారతి నిఘంటువు తెరుచుకుంటే ఒక్క మాటకు బ్రౌన్ నిఘంటువు చెప్పిన అర్థమూ, శబ్దరత్నాకరం చెప్పిన అర్థమూ ఒకే చోట చూసుకోవచ్చు. కావ్యాలు చదివేవాళ్లకు ఇది చిన్న సదుపాయం కాదు. పైగా 2016లో అమెజాన్ వాళ్ల రీడర్ కిండిల్‌లోకి ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చారు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు అందులో లేదు.

రీడర్‌ను తక్కువ చేయడం లేదు. దాని తెరలో కంటికి ఆనని బుడగలుంటాయి, వాటిలో తెల్లవీ నల్లవీ రేణువులు. కరెంటు తగిలితే పైకో కిందికో కదులుతాయి, ఆ తర్వాత కరెంటు లేకున్నా అక్కడే నిలుస్తాయి. అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. మీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మిట్టమధ్యాహ్నం కూర్చున్నా అచ్చు కాగితంలాగే చదువుకోవచ్చు. టాబ్ అయితే ఆ ఎండలో నీ మొహమే నీకు చూపిస్తుంది. ఇంగ్లిష్ నవలలే చదివేదానివైతే రీడరే కొనమనేదాన్ని.

నా భయమల్లా ఒక్కటే, టాబ్ చేతిలో ఉంటే చదువు పది నిమిషాలకొకసారి తెగుతుంది. అందుకే సిమ్ వేసే రకం వద్దు, వైఫైది చాలు. వాట్సాప్ అందులో ఎక్కించకు. రాత్రి పడుకునే ముందు తెర వద్దు, అచ్చు పుస్తకం పట్టుకో. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత పుస్తకాలు ఇంకా దొరుకుతున్నాయి.

ఇంకో మాట. దింపుకున్న ప్రతి పీడీఎఫ్‌కూ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకో. 2009లో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు కొన్నవాళ్ల కిండిల్‌లలోంచి వాటిని దూరం నుంచే తీసేసింది. డబ్బు తిరిగిచ్చింది కానీ, చదువుతున్న పుస్తకం మాయమైంది కదా.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. నా రీడర్ ఒక వారం నీ దగ్గర ఉంచుకో, నీ సిలబస్‌లోని స్కాన్‌లే అందులో చదివి చూడు. ఆ పై ఆదివారం ఇద్దరం కలిసి షాపుకు పోదాం. పెన్‌డ్రైవ్ తెచ్చుకో. అక్కడి టాబ్‌లో మన పీడీఎఫ్ తెరిచి, వత్తులు కనిపిస్తేనే డబ్బు కడదాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ