చూసింది ఆ పూటే రాయండి

రోజూ ఎన్నో చూస్తాం, వింటాం. వారం తిరిగేసరికి ఎన్ని గుర్తుంటాయి? ఈ మతిమరుపును దాటే విద్యను జోసెఫ్ గ్రినెల్ దగ్గర నేర్చుకోవాలి.

1908లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన వెన్నెముక జీవుల మ్యూజియానికి ఆయనే తొలి డైరెక్టర్. 1914 నుంచి 1920 దాకా అదే రాష్ట్రంలోని యోసెమిటీ కొండల్లో ఆయన బృందం పక్షుల్నీ జంతువుల్నీ పరిశీలించింది, సేకరించింది. ఆ కొండల పైభాగంలో, గాలికి వంగిన వైట్‌బార్క్ పైన్ చెట్ల మధ్య క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి తిరుగుతుంది. బూడిదరంగు ఒళ్లు, నల్లని రెక్కలు. పొడవాటి ముక్కుతో పైన్ కాయను చీల్చి, గింజల్ని నాలుక కింది సంచిలో నింపుకుని, నేలలో అక్కడక్కడా పాతిపెడుతుంది. నెలల తర్వాత ఆ చోట్లు గుర్తుపట్టి, మంచు తవ్వి మరీ తీసుకుంటుంది. మనకు అంతటి జ్ఞాపకశక్తి లేదు. అందుకే గ్రినెల్ కలాన్ని నమ్ముకున్నారు.

వాయిదా వద్దు: ఆ రోజు చూసింది ఆ రోజే, చెరగని సిరాతో రాయాలన్నది ఆయన నియమం. చర్మం ఒలిచి దూది కూరిన ప్రతి పక్షి కాలికీ తేదీ, చోటు, సేకరించినవారి పేరు ఉన్న చీటీ కట్టేవారు. చీటీ లేని పిట్ట పరిశోధనకు దాదాపు పనికిరాదు. డాక్టరు చెప్పిందైనా, మీటింగులో తేల్చుకున్నదైనా మీరూ ఆ రాత్రే తేదీ వేసి రాయండి.

మామూలువీ రాయండి: ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే చెప్పలేమని గ్రినెల్ నమ్మారు. అందుకే రోజూ కనిపించే పిట్టల్నీ వదల్లేదు. టీ డబ్బులూ రాస్తేనే నెలాఖరుకు ఇంటి లెక్క తేలుతుంది.

చూసిందే రాయండి: ‘అతనికి నా మీద కోపం’ అన్నది ఊహ. ‘పలకరిస్తే జవాబివ్వలేదు’ అన్నది చూసింది. ఈ రెండూ విడదీస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఫలితానికి తొందరపడకండి: తమ సేకరణ అసలు విలువ తెలియడానికి వందేళ్లైనా పట్టొచ్చని గ్రినెల్ 1910లోనే రాశారు. 1939లో కన్నుమూశారు. 2003లో అదే మ్యూజియం పరిశోధకులు ఆ నోట్సు పట్టుకుని అవే చోట్లకు మళ్లీ వెళ్లారు. యోసెమిటీలో పరిశీలించిన 28 రకాల చిన్న జంతువుల్లో సగం, సగటున 500 మీటర్ల మేర కొండపైకి జరిగాయని 2008లో ప్రకటించారు. పాత రాతలు లేకుంటే ఈ మార్పు తెలిసేదే కాదు.

ఇవాళే ఒక నోటుబుక్కు కొనండి. పడుకునే ముందు తేదీ వేసి, చూసినవి ఐదు వాక్యాల్లో రాయండి. రేపటికి వాయిదా వేయకండి.