నీటి గడ్డి: నాదానికి పీక, దేహానికి మందు

మంగళవాద్యమైన నాదస్వరం పలకాలంటే ముందుగా దాని కొసనున్న చిన్న పీక అదరాలి. విద్వాంసులు దీనిని సీవాళి అంటారు. కావేరీ తీరంలో పెరిగే నాణల్ అనే గడ్డి కాడతో దీనిని చేస్తారు. బాగా ఆరిన కాడను పదును చేసి, అణచి, రెండు పొరలు పెదవుల వలె ఎదురెదురుగా ఉండేటట్లు చిన్న లోహపు గొట్టానికి దారంతో కడతారు. ఊదినప్పుడు ఆ పొరలు కంపించి ధ్వని పుడుతుంది.

ఇటువంటి నీటి గడ్డే ఆయుర్వేదంలోని నలం. కొల్లేటి ప్రాంతంలో దీనిని కిక్కిస అంటారు. కాడ బోలుగా, కణుపులతో మనిషి ఎత్తును మించి పెరుగుతుంది. మన ఏటి ఇసుకలో తెల్లగా పూచే రెల్లు వేరు, అది కాశం.

ఔషధ గుణం

కుశ, కాశ, నల, దర్భ, కాండేక్షువు అనే అయిదింటి వేళ్లను సుశ్రుతుడు తృణపంచమూలమన్నాడు. పాలతో వాడితే మూత్రదోషాలను, రక్తపిత్తాన్ని శమింపజేస్తుందని చెప్పాడు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఎండలకు మూత్రంలో మంటతో వచ్చేవారికి నేను దీనినే సూచిస్తుంటాను.

తయారు చేయు విధానం

తృణపంచమూల చూర్ణం 10 గ్రాములు, పాలు 80 మి.లీ., నీరు 320 మి.లీ. కలిపి, పాలు మాత్రమే మిగిలే వరకు సన్నని సెగపై కాచి వడగట్టాలి. ఎన్ని రోజులు వాడాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. జ్వరం, నడుము నొప్పి, మూత్రంలో రక్తం ఉన్నవారు, గర్భిణులు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి.

ముఖ్య హెచ్చరిక

నీటిలోని మలినాలను, విషలోహాలను ఈ గడ్డి వేళ్లు పట్టి ఉంచుతాయి. అందుకే మురుగునీటిని శుద్ధి చేయడానికి పలు దేశాల్లో దీనిని పెంచుతున్నారు. చెరువుకు మేలు చేసే ఆ గుణమే మనకు కీడు కావచ్చు. కనుక ఊరి మురుగు కలిసే చెరువుల్లో పెరిగిన వేళ్లను మందుకు తవ్వుకోరాదు. నమ్మకమైన అంగడిలోనే కొనాలి.

వాద్యకారులకు

పీకను తడిపి ఊదుతారు కనుక అందులో తేమ నిలుస్తుంది. శుభ్రం చేయని బ్యాగ్‌పైప్‌లో పెరిగిన బూజే ఒక వాద్యకారుని ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల వ్యాధికి కారణమై ఉండవచ్చని 2016లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించారు. మీ పిల్లలు నాదస్వరం నేర్చుకుంటుంటే ఈ నియమాలు అలవాటు చేయండి: వాయించిన తరువాత పీకను మంచినీటితో కడిగి, తుడిచి, గాలి తగిలేచోట నీడన ఆరబెట్టాలి. తడిగా డబ్బీలో మూయరాదు. ఒకరి పీక మరొకరు నోట పెట్టుకోరాదు. బూజు వాసన వస్తే దానిని పారవేయాలి. వాయించినప్పుడల్లా దగ్గు, ఆయాసం వస్తుంటే ఉపేక్షించక పరీక్ష చేయించాలి.