బటన్ వదిలితే అంతరిక్ష నౌక ఆగుతుందా?

జర్మనీ సంస్థ రాక్‌ఫిష్ గేమ్స్ 2023లో విడుదల చేసిన ‘ఎవర్‌స్పేస్ 2’ అంతరిక్ష పోరాటాల వీడియో గేమ్. ఆడమ్ అనే క్లోన్ పైలట్ కథ వెంట ఆట సాగుతుంది. కష్టాన్ని తగ్గించుకునే వీలుంది కాబట్టి కొత్తవారూ ఆడగలరు.

ఇందులో బటన్ వదలగానే నౌక ఆగిపోతుంది. నేల మీద బండి ఆగిందంటే టైర్ల రాపిడి, గాలి నిరోధం ఉన్నాయి. శూన్యంలో ఏమున్నాయి? న్యూటన్ మొదటి నియమం ప్రకారం నౌక అదే వేగంతో పోతూనే ఉండాలి. వాయేజర్-1 ఇంజిన్ సాయం లేకుండానే సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. వేగం తగ్గాలంటే ఎదురు దిశలో తోపు కావాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ ‘విక్రమ్’ ఇంజిన్లు మండించుకుంటూనే దిగింది. గాలి లేని చంద్రుడి మీద పారాచూట్ పనికిరాదు మరి!

గేమ్ తయారుచేసినవారికి ఇది తెలియక కాదు. నౌకను ఆపే పని ‘ఇనర్షియా డాంపెనర్’ చూసుకుంటుందని పెట్టారు. కొత్తవారికి అది లేకపోతే నౌక చేతికి చిక్కదు. (శూన్యంలో పేలుళ్ల చప్పుడు వినిపించడాన్ని మాత్రం నేను చూసీచూడనట్టు వదిలేశాను.)

కాస్త చెయ్యి తిరిగాక ఆ డాంపెనర్‌ను ఆపేసి చూడండి. ముక్కు ఎటు తిప్పినా నౌక పాత దారిలోనే జారిపోతుంది. వెంటపడుతున్న శత్రువు వైపు తిరిగి కాలుస్తూనే మీ దారిన మీరు పోవచ్చు.