నడుముకు పంపు, సంచిలో పెన్ను

మా చెల్లెలికి పదకొండో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది. ఇరవై తొమ్మిదో ఏట పాపను కన్నది. ఆ తొమ్మిది నెలలూ హైదరాబాదులో దాని పక్కనే ఉన్నాను. ఇన్సులిన్ పంపుతో బిడ్డను మోయాలనుకునే ఆడపిల్లలకు పనికొస్తుందని, ఎప్పుడు ఏం చేశామో వరసగా రాస్తున్నాను. ఇందులోని డోసులు దానివి. మీవి మీ డాక్టరు చెప్పాలి.

అసలు పని నెల తప్పక ముందే మొదలవుతుంది. బిడ్డ వెన్ను, గుండె రూపు దిద్దుకునేది మొదటి ఎనిమిది వారాల్లో. కడుపు వచ్చిందని తెలిసేసరికే అందులో సగం గడిచిపోతుంది. అందుకే హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు దిగాకే పిల్లల కోసం చూడమంటారు. కంటి రెటీనా, కిడ్నీ పరీక్షలు, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. మాత్ర, వాడుతున్న బీపీ మందులు మార్చాలా అన్నది, అన్నీ అప్పుడే తేల్చుకోవాలి. పంపు కొత్తగా పెట్టుకునేవాళ్లు కూడా అప్పుడే పెట్టుకుంటే మేలు. వేవిళ్లతో నీరసపడిన మనిషికి కొత్త మెషిన్ నేర్చుకునే ఓపిక ఉండదు.

తరువాత పంపులో అంకెలు మార్చాలి. మామూలప్పుడు ఒంటికి అంటించుకునే సెన్సర్‌లో షుగర్ 70 నుంచి 180 మధ్య ఉంటే మంచిదే. కడుపుతో ఉన్నప్పుడు 63 నుంచి 140 మధ్య ఉండాలి, అదీ రోజులో కనీసం 70 శాతం సేపు. తల్లి ఒంట్లోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. ఎక్కువైన చక్కెరకు బిడ్డే సొంతంగా ఇన్సులిన్ తయారుచేసుకుని అతిగా బరువు పెరుగుతుంది. సెన్సర్ చూసి తనంతట తాను డోసు సర్దుకునే పంపులు ఇప్పుడున్నాయి. కానీ అన్నింటినీ ఒకే అంకె దాకా దించలేం. మెడ్‌ట్రానిక్ 780జీలో అతి తక్కువ లక్ష్యం 100. కేంబ్రిడ్జ్‌లో తయారైన క్యామ్‌ఏపీఎస్ యాప్‌లో 80 దాకా పెట్టుకోవచ్చు. ఆ యాప్‌నే బ్రిటన్‌లో 124 మంది గర్భిణులతో చేసిన అధ్యయనంలో పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. పాత పద్ధతిలో ఉన్నవాళ్ల షుగర్ 56 శాతం సేపు లక్ష్యంలో ఉంటే, యాప్ వాడినవాళ్లది 68 శాతం సేపు ఉంది. పంపు కొనేముందు ‘గర్భంలో దీన్ని ఎంతవరకు దించవచ్చు?’ అని అడగండి.

మూడో నెలలో మమ్మల్ని భయపెట్టింది షుగర్ పడిపోవడం. తొమ్మిదో వారం నుంచి పదహారో వారం దాకా ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు. దానికితోడు తిన్నది నిలవదు. అన్నం లెక్కకు బోలస్ (భోజనం డోసు) వేసుకుని వాంతి చేసుకుంటే ఆ ఇన్సులిన్ ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకని డాక్టరు సగం డోసు ముందు, తిన్నది నిలిచాక మిగతా సగం వేసుకోమన్నారు. మా మరిదిగారి ఫోనులో కూడా అలారం పెట్టాం. పంపు అప్పటికే ఇన్సులిన్ ఆపేసి ఉంటుంది కాబట్టి, షుగర్ పడితే ఐదు, పది గ్రాముల గ్లూకోజ్‌తోనే తేరుకునేది.

అయిదో నెల నుంచి అంతా తిరగబడింది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. అవసరం రెండింతలు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది. మొదట్లో రెండు ఇడ్లీలకు రెండున్నర యూనిట్లు వేసుకున్న పిల్ల, ఎనిమిదో నెలలో అవే ఇడ్లీలకు ఆరు వేసుకుంది. డోసుకంటే ముఖ్యమైంది వేళ. మొదట పావుగంట ముందు బోలస్ వేస్తే సరిపోయేది, చివరికి నలభై నిమిషాల ముందు వేయాల్సి వచ్చింది. ఇది ఏ మెషిన్ మన బదులు చేయదు. అమ్మ చలిమిడి తెచ్చిన రోజున వంటింటి త్రాసులో నలభై గ్రాములు తూచి, ముప్పై గ్రాముల కార్బ్స్ లెక్కేసి, ముందే బోలస్ వేసుకుని, ‘ఇప్పుడు పెట్టమ్మా’ అని గడియారం చూస్తూ కూర్చుంది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ చేర్చే సెట్ మార్చడం ఇంకో పెద్ద పని. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయేదాకా ఆగాలి, లేకపోతే బుడగలు వస్తాయి. రిజర్వాయర్ నింపి, పెన్సిల్‌తో మెల్లగా తట్టి, బుడగలను పైకి తోసెయ్యాలి. సూది కొసన చుక్క కనబడేదాకా ట్యూబు నింపాలి. చర్మం తుడిచి, ఆరాక, సెట్ నొక్కాలి. కడుపు బిగిసేకొద్దీ ముందువైపు చోటుండదు. పక్కలకి, పిరుదుల పైభాగానికి మారాం. మూడు రోజులకు మార్చే సెట్టు, చివరి నెలల్లో రెండు రోజులకే మార్చాం. ఎప్పుడూ పొద్దున్నే మార్చాలి. రెండు గంటల్లో షుగర్ చూసి, ఇన్సులిన్ ఎక్కుతోందని తెలుసుకున్నాకే నిశ్చింత.

ఆ నియమం తప్పి ఒకసారి పడుకోబోయే ముందు మార్చాం. ఏడో నెల అది. ‘అక్కా, నోరు ఎండిపోతోంది’ అని రెండింటికి లేపింది. షుగర్ 240. పంపు తెర మీద అంతా సవ్యంగానే ఉంది. ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో పేరుకునే కీటోన్లు చూస్తే, పెరిగి ఉన్నాయి. వెంటనే ఇన్సులిన్ పెన్నుతో ఇంజెక్షన్ వేసుకుని, సెట్ పీకి కొత్తది పెట్టుకుని, ఆసుపత్రికి ఫోన్ చేసింది. పీకిన సెట్టు కాన్యులా (చర్మం కిందుండే సన్నని గొట్టం) ముడుచుకుపోయి ఉంది. పంపులో ఉండేది వెంటనే పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. అది ఆగితే ఒంట్లో నిల్వ ఉండదు. గర్భిణికి మామూలు వాళ్లకంటే త్వరగా, తక్కువ షుగర్‌కే కీటోన్లు పెరుగుతాయి. బిడ్డకు అది ప్రాణాపాయం. అందుకే పెన్ను, సూదులు, కీటోన్ స్ట్రిప్పులు లేకుండా గడప దాటకూడదు. చివరి నెలల్లో ఇన్సులిన్ అవసరం ఉన్నట్టుండి బాగా తగ్గినా సంతోషపడకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

పురిటికి ముందే పంపులో ఇంకో ప్రొఫైల్ సిద్ధం చేయించాం, సగం డోసుతో. మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌లో అది మార్చాల్సిందెవరో కూడా ముందే అనుకున్నాం. పాపకు అరగంటలోనే పాలు పట్టించి, తరువాత షుగర్ చూశారు. బాలింతగా రాత్రి పాలిచ్చేటప్పుడు షుగర్ పడిపోతే తినడానికి చెల్లెలి మంచం పక్కన బిస్కెట్లు ఉండేవి.

మన దగ్గర పంపు ధర లక్షల్లో ఉంటుంది. చాలామందికి అందదు. అందకపోతే ఆ తొమ్మిది నెలలకైనా సెన్సర్ పెట్టించండి. 2017లో వచ్చిన కాన్సెప్ట్ అధ్యయనంలో సెన్సర్ వాడిన తల్లులకు, పంపు ఉన్నా ఇంజెక్షన్లే వేసుకున్నా, అతి బరువు బిడ్డలు తక్కువగా పుట్టారు. ఐసీయూలో ఒక రోజుకు మించి ఉంచాల్సి వచ్చిన పసిపిల్లలూ తగ్గారు. ఇంట్లో షుగరున్న ఆడపిల్ల పెళ్లి ఖర్చు లెక్క రాసుకునే తల్లిదండ్రులు ఆ సెన్సర్ల ఖర్చు కూడా అందులో రాసిపెట్టుకోండి.